ఇల్లు లేని యువతకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు: ఎంత ఇస్తున్నారు సరే, ఎలా ఇస్తున్నారు, ఎన్నాళ్లు ఇస్తున్నారు?

2023 జనవరిలో అమెరికాలో ఒక్క రాత్రి లెక్క పెడితే, పెద్దవాళ్ల తోడు లేకుండా, ఇల్లు లేకుండా ఉన్న 25 ఏళ్లలోపు వాళ్లు సుమారు 34,700 మంది తేలారు. అదే దేశంలో చికాగో యూనివర్సిటీకి చెందిన చాపిన్ హాల్ పరిశోధకులు 2017లో ఇచ్చిన అంచనా చూస్తే, ఒక ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో నిలవ నీడ లేని పరిస్థితి చూసిన 13 నుంచి 25 ఏళ్ల వాళ్లు సుమారు 42 లక్షల మంది. 34 వేలెక్కడ, 42 లక్షలెక్కడ. రెండింట్లో ఏదీ తప్పుడు లెక్క కాదు. మొదటిది ఆ ఒక్క రాత్రి షెల్టర్లో, ఫుట్‌పాత్ మీద, కార్లో, పార్కులో కనిపించిన వాళ్లది. రెండోది ఏడాది మొత్తానికి సంబంధించింది, ఈ రోజు ఫ్రెండ్ ఇంట్లో సోఫా మీద, రేపు ఇంకెవరి ఇంట్లోనో నేల మీద పడుకుంటూ నెట్టుకొచ్చిన వాళ్లని కూడా అందులో కలిపారు. మరి సర్కారు బడ్జెట్ వేసేటప్పుడు ఏ లెక్క పట్టుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే లెక్కలోకి రాని పిల్లాడికి పైసా రాదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. అమెరికాలోనే హౌసింగ్ శాఖ నిర్వచనం వేరు, స్కూళ్లకి వర్తించే చట్టంలో నిర్వచనం వేరు. 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం కింద స్కూళ్లు వేసే లెక్కలో, ఇల్లు పోయి బంధువుల ఇంట్లోనో తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇరుక్కుని ఉంటున్న పిల్లలు కూడా ఇల్లు లేనివాళ్ల కిందకే వస్తారు. అలా 2021-22 విద్యా సంవత్సరంలో సుమారు 12 లక్షల మంది స్టూడెంట్లని గుర్తించారు, వాళ్లలో ఎక్కువమంది ఇలా వేరేవాళ్ల ఇళ్లల్లో సర్దుకుంటున్నవాళ్లే. అంటే పొద్దున స్కూల్లో "ఇల్లు లేని విద్యార్థి" అయిన అమ్మాయి సాయంత్రం హౌసింగ్ ఆఫీసుకి వెళ్తే చాలాసార్లు "నువ్వు మా లెక్కలోకి రావమ్మా" అనిపించుకుంటుంది. పిల్ల ఒకటే, పరిస్థితి ఒకటే, దాన్ని చూసే శాఖ మారేసరికి అర్హత మారిపోయింది. పైగా ఈ వయసు వాళ్లు కనపడకుండా ఉండడానికే చూస్తారు, ముఖ్యంగా అమ్మాయిలు రాత్రిళ్లు రోడ్డు మీద ఉండడం కన్నా ఎవరి ఇంట్లోనైనా, అది ఎంత ప్రమాదకరమైన ఇల్లైనా సరే, దూరిపోతారు. పోలీసులకి దొరికితే మళ్లీ కొట్టే ఇంటికే పంపిస్తారన్న భయం కొందరిది. కాబట్టి రోడ్డు మీద తలలు లెక్కపెట్టి డబ్బు కేటాయించే పద్ధతి ఎక్కడున్నా సరే యువతకి అన్యాయమే చేస్తుంది.

అసలు యువతకి విడిగా సర్వీసులు ఎందుకు, పెద్దవాళ్ల షెల్టర్లు ఉన్నాయి కదా అని అడిగేవాళ్లు ఉంటారు. పెద్దాయన ఒకాయన ఇల్లు పోగొట్టుకున్నాడంటే ఒకప్పుడు ఆయనకి ఇల్లు ఉంది, అద్దె కట్టిన అలవాటు ఉంది, ఉద్యోగం చేసిన అనుభవం ఉంది, సామాన్లు సర్దుకోవడం వండుకోవడం తెలుసు. 17 ఏళ్ల కుర్రాడికి ఇవేవీ ఉండవు, వాడు పోగొట్టుకున్నది ఇల్లు ఒక్కటే కాదు, వెనక నిలబడే మనుషుల్ని కూడా. చాలామంది ఇంట్లో గొడవలు, కొట్టడం, తాగుడు, సవతి తల్లిదండ్రులతో పడకపోవడం, తాము స్వలింగ సంపర్కులమనో ట్రాన్స్ అనో తెలిసి ఇంట్లోవాళ్లు గెంటేయడం ఇలాంటి కారణాలతో బయటికి వచ్చినవాళ్లు. కెనడాలో 2016లో 47 ఊళ్లలో 1,103 మంది ఇల్లు లేని యువతని అడిగి చేసిన జాతీయ సర్వేలో, వాళ్లలో 40 శాతం మంది మొదటిసారి ఇల్లు లేకుండా అయింది 16 ఏళ్లు నిండకముందే అని తేలింది, సుమారు 58 శాతం మందికి అంతకుముందే ఎప్పుడో ఒకప్పుడు పిల్లల సంరక్షణ శాఖతో సంబంధం ఉంది. అంటే సగానికి పైగా పిల్లలు ప్రభుత్వానికి కొత్త కాదు, ప్రభుత్వం కళ్ల ముందు నుంచి జారిపోయినవాళ్లే.

ఇక డబ్బు ఎలా వస్తుందో చూద్దాం, అమెరికా విధానం పాతది, వివరంగా రాసుకున్నది కాబట్టి దాన్ని తీసుకుంటే సులువుగా అర్థమవుతుంది. 1974లో ఇంట్లోంచి పారిపోయిన పిల్లల కోసం ఒక చట్టం చేశారు, తర్వాత దాన్ని ఇల్లు లేని యువతకి కూడా విస్తరించారు. దాని కింద మూడు రకాల సర్వీసులకి ఫెడరల్ గ్రాంట్లు వస్తాయి. ఒకటి వీధుల్లో తిరిగి పిల్లలతో పరిచయం పెంచుకునే ఔట్‌రీచ్. రెండోది 18 ఏళ్లలోపు వాళ్లకి ఎమర్జెన్సీ షెల్టర్, ఇందులో 21 రోజుల దాకా ఉండొచ్చు. మూడోది 16 నుంచి 22 ఏళ్లలోపు వాళ్లకి ట్రాన్సిషనల్ లివింగ్, అంటే సొంతంగా బతకడం నేర్చుకునేదాకా ఉండే వసతి, ఇందులో 540 రోజులు, మరీ ప్రత్యేక పరిస్థితి అయితే 635 రోజులు. మూడింటికీ కలిపి 2023లో దేశం మొత్తానికి కేటాయించింది సుమారు 14.6 కోట్ల డాలర్లు. పైన చెప్పిన 42 లక్షల మందితో భాగిస్తే మనిషికి ఏడాదికి 35 డాలర్లు కూడా రావు. అందరికీ ఈ సర్వీసులు అవసరం పడవు నిజమే, రాష్ట్రాలూ నగరాలూ దాతలూ ఇచ్చేది వేరే ఉంటుంది, అయినా ఈ అంకె చూశాక సమస్యని ఎంత చిన్నదిగా అనుకుంటున్నారో తెలుస్తుంది.

కానీ ఆ మొత్తం కన్నా ఆ డబ్బు వచ్చే తీరు ఇంకా ఎక్కువ నష్టం చేస్తుందని చెప్పాలి. ఈ గ్రాంట్లు పోటీ మీద ఇస్తారు, మామూలుగా మూడేళ్లకి, అదీ ఏటేటా అక్కడి చట్టసభ, అంటే అమెరికా కాంగ్రెస్, బడ్జెట్ పాస్ చేస్తేనే. పైగా సంస్థ తన వంతుగా కనీసం 10 శాతం వేరే చోటి నుంచి తెచ్చి కలపాలి. పెద్ద సంస్థకి ఇది పెద్ద విషయం కాదు, అప్లికేషన్లు రాయడానికే మనుషులు ఉంటారు. చిన్న ఊళ్లో ఆరు మంచాలతో నడిచే షెల్టర్లో మాత్రం పిల్లలకి రాత్రి కాపలా ఉండే మనిషే పొద్దున కూర్చుని ఆ అప్లికేషన్ రాయాలి. చాలా దేశాల్లో ప్రభుత్వ గ్రాంట్లు రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో ఉంటాయి, ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు పంపండి, చూసి తిరిగి ఇస్తాం అని. అది రెండు నెలలు లేటయితే జీతాలు ఆగుతాయి. జీతాలు ఆగితే మొదట వెళ్లిపోయేది కేస్ వర్కర్, అంటే ఒక్కొక్క పిల్లాడి బాగోగులు దగ్గరుండి చూసే మనిషి. గ్రాంటు మూడో ఏడు చివరికి వచ్చేసరికి రెన్యూ అవుతుందో లేదో తెలియని ఉద్యోగంలో ఎవరుంటారు, వాళ్లకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు కదా.

కేస్ వర్కర్ వెళ్లిపోవడం అంటే బయటివాళ్లకి ఒక పోస్టు ఖాళీ అయినట్టు కనపడుతుంది. కానీ ఈ పనిలో సర్వీసు అంటేనే ఆ మనిషి. పెద్దవాళ్ల మీద నమ్మకం పూర్తిగా పోయిన అమ్మాయి ఒక వర్కర్‌తో నోరు విప్పి మాట్లాడడానికి నాలుగు నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా పేరు కూడా నిజం చెప్పదు. ఐడెంటిటీ కార్డు తీయించడం, బడి మానేసిన చోట నుంచి మళ్లీ చేర్పించడం, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లడం, వాళ్ల అమ్మకో అత్తకో ఫోన్ చేసి మెల్లగా మాట కలపడం, ఇవన్నీ ఆ నాలుగు నెలల తర్వాత మొదలయ్యే పనులు. ఐదో నెలలో గ్రాంటు అయిపోయి వర్కర్ మారిపోతే ఆ అమ్మాయికి అర్థమయ్యేది ఒకటే, ఈవిడ కూడా వదిలేసి వెళ్లిపోయింది అని. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఈసారి నాలుగు నెలలు సరిపోవు. ఆడిట్ రిపోర్టులో మాత్రం మంచాలు అన్నీ నిండాయి, భోజనాలు పెట్టారు, డబ్బు సరిగ్గా ఖర్చయింది అని ఉంటుంది, అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండదు.

21 రోజుల రూల్ గురించి కూడా ఒక మాట. ఇంట్లో గొడవపడి వచ్చేసిన పిల్లకి, ఇల్లు సురక్షితమే అయితే, మూడు వారాలు కౌన్సెలింగ్ చేసి ఇంటికి చేర్చడానికి ఆ గడువు సరిపోవచ్చు, ఆ ఉద్దేశంతోనే పెట్టారు కూడా. కానీ వెనక్కి పంపే ఇల్లే లేని పిల్లకి 22వ రోజున ఏంటి? ట్రాన్సిషనల్ లివింగ్‌లో ఖాళీ ఉంటే సరే, లేకపోతే ఇంకో షెల్టర్, అక్కడ ఇంకో 21 రోజులు. గడువు పెట్టడంలో తప్పు లేదు, ఆ గడువు తర్వాత ఎక్కడికి అన్నదానికి డబ్బు పెట్టకపోవడంలో ఉంది తప్పు.

డబ్బుకి కంచె, అంటే వేరే పనికి మళ్లించకూడదన్న రూల్, ఉండాలా వద్దా అన్న విషయంలో ఇంగ్లండ్ అనుభవం అందరూ చదవాల్సింది. అక్కడ 2003లో సపోర్టింగ్ పీపుల్ అనే కార్యక్రమం మొదలైంది, మొదటి ఏడాది సుమారు 180 కోట్ల పౌండ్లు. దాని ప్రత్యేకత ఏంటంటే అది అద్దెకి ఇచ్చే డబ్బు కాదు, అద్దె హౌసింగ్ బెనిఫిట్ అనే వేరే ప్రభుత్వ సాయం నుంచి వచ్చేది, ఇది మనుషులకి ఇచ్చే డబ్బు, అంటే హాస్టళ్లల్లో ఉండే యువతకి, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకి, ఇంట్లో హింస నుంచి తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లకి తోడుగా ఉండే సపోర్ట్ వర్కర్ల కోసం. దాన్ని వేరే పనికి వాడకూడదు అని కంచె ఉండేది. 2009లో ఆ కంచె తీసేశారు, స్థానిక కౌన్సిళ్లకి స్వేచ్ఛ ఇస్తున్నాం, ఎక్కడ అవసరమో వాళ్లకే తెలుసు అన్నారు. వినడానికి బాగానే ఉంది. తర్వాత ఏడాది నుంచి కౌన్సిళ్లకి కేంద్రం ఇచ్చే నిధులే కోతపడ్డాయి, చట్టప్రకారం తప్పనిసరిగా చేయాల్సిన పనులకి డబ్బు చాలక తప్పనిసరి కాని వాటి మీద చెయ్యి పడింది, ఈ సపోర్ట్ డబ్బు తప్పనిసరి కాని ఖాతాలో ఉంది. 2010 తర్వాత ఈ ఖర్చు 59 శాతం పడిపోయిందని నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2017 రిపోర్టులో రాసింది.

అదే రిపోర్టులో ఇంకో లెక్క ఉంది. 2015-16లో ఇంగ్లండ్ కౌన్సిళ్లు ఇల్లు లేనివాళ్ల కోసం పెట్టిన సుమారు 115 కోట్ల పౌండ్లలో 84.5 కోట్లు తాత్కాలిక వసతికే పోయాయి. అంటే సమస్య రాకముందు ఆపే ఖర్చు తగ్గించుకున్నారు, వచ్చాక హోటల్ గదుల్లో పెట్టే ఖర్చు పెరిగింది, ఎందుకంటే రెండోది చట్టప్రకారం తప్పదు. ఇది ఎవరో కావాలని చేసిన దుర్మార్గం కాదు. ఏది తప్పనిసరో దానికి డబ్బు పోతుంది, ఏది ఐచ్ఛికమో అది ఎండిపోతుంది, బడ్జెట్ బిగిసిన ప్రతిచోటా ఇలాగే జరుగుతుంది. అందుకే వేల్స్ 2014 చట్టంతో నివారణని కూడా తప్పనిసరి బాధ్యత చేసింది, 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదం ఉన్నవాళ్లకి కూడా సాయం చేయాలి అని. ఇంగ్లండ్ 2017 చట్టంతో దాదాపు అదే దారిలో నడిచింది. బాధ్యత అని చట్టంలో రాయడం, దానికి సరిపడా డబ్బు ఇవ్వడం, ఈ రెండూ కలిసి జరిగితేనే ఏదైనా నిలబడుతుంది, ఒకటే చేస్తే రెండోదాని కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఇంగ్లండ్‌లో 16, 17 ఏళ్ల పిల్లల విషయంలో అదే అయింది, పిల్లల సంరక్షణ శాఖ హౌసింగ్ వాళ్ల దగ్గరికి పంపడం, వాళ్లేమో చేతిలో ఒక గది పెట్టి వదిలేయడం. చివరికి 2009లో సదరక్ కౌన్సిల్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జీలు తేల్చి చెప్పారు, వీళ్లు ముందు పిల్లలు, గది ఇచ్చి చేతులు దులుపుకోడానికి లేదు, పిల్లల చట్టం కింద పూర్తి సంరక్షణ ఇవ్వాల్సిందే అని. ఒక శాఖ ఇంకో శాఖ మీదకి నెట్టడం వెనక ఉన్నది నిర్లక్ష్యం ఒక్కటే అనుకోవద్దు, ఆ పిల్లాడిని ఒప్పుకున్న శాఖ బడ్జెట్‌లోంచే ఖర్చు పోతుంది మరి.

ఖర్చు ఒకరిది, మిగిలేది ఇంకొకరికి. ఈ రంగంలో అన్నిటికన్నా మొండి సమస్య ఇదే అనుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనం, ఇల్లు లేని యువత మీద ఆసుపత్రులు, పోలీసులు, కోర్టులు, జైళ్లు పెట్టే ఖర్చుని లెక్కగట్టింది. ఇల్లు ఉండి ఉద్యోగం లేని యువతతో పోలిస్తే వీళ్ల మీద మనిషికి ఏడాదికి 14,986 ఆస్ట్రేలియన్ డాలర్లు అదనంగా ఖర్చవుతోంది, మొత్తం దేశానికి 62.6 కోట్లు. అప్పట్లో ఆ దేశం అన్ని వయసుల ఇల్లు లేనివాళ్ల సర్వీసులకీ కలిపి పెడుతున్న 61.9 కోట్ల కన్నా ఇది ఎక్కువ. అంటే సాయం చేయకపోవడానికే ఎక్కువ ఖర్చవుతోంది. మరి ఇది తెలిసీ ఎందుకు మారదు అంటే, హౌసింగ్ శాఖ ఈ ఏడాది కోటి పెట్టి ఒక వంద మంది పిల్లల్ని నిలబెడితే మిగిలేది ఐదేళ్ల తర్వాత జైళ్ల శాఖకి, ఆరోగ్య శాఖకి. ఆ శాఖలు తిరిగి హౌసింగ్‌కి చెక్కు రాసి ఇవ్వవు. నిజానికి జైల్లో ఒక గది ఖాళీ అయినంత మాత్రాన ఆ జైలు ఖర్చు కూడా వెంటనే తగ్గదు, గార్డుల జీతాలు గార్డుల జీతాలే. అందుకే ఆర్థిక శాఖ వాళ్లు ఈ పొదుపు లెక్కల్ని ఓ పట్టాన నమ్మరు, వాళ్ల వాదనలోనూ కొంత నిజం ఉంది. పొదుపు వస్తుంది కాబట్టి పిల్లలకి ఇల్లు ఇవ్వండి అని మాత్రమే అడిగితే, పొదుపు రాని పిల్లాడి మాటేంటి అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. ఏ ఖర్చూ తగ్గించని, ఏ నేరమూ చేయని, నిశ్శబ్దంగా నలిగిపోతున్న అమ్మాయికి కూడా ఇల్లు కావాలి.

అదే ఆస్ట్రేలియాలో జీలాంగ్ అనే ఊళ్లో చేసింది చెప్పుకోదగ్గది. అక్కడ పిల్లలు షెల్టర్‌కి వచ్చేదాకా ఆగలేదు. స్కూళ్లల్లో పిల్లలందరికీ ఒక ప్రశ్నాపత్రం ఇచ్చారు, ఇంట్లో పరిస్థితి ఎలా ఉంది, భయంగా ఉంటోందా, పారిపోవాలనిపిస్తోందా లాంటివి తెలుసుకోడానికి, ప్రమాదం ఉన్న పిల్లల్ని ముందే గుర్తించి ఇంటికే వెళ్లి కుటుంబంతో పనిచేశారు. 2013 నుంచి 2016 మధ్య ఆ స్కూళ్ల పరిధిలో షెల్టర్ సర్వీసులకి వచ్చే యువత 40 శాతం తగ్గారని, మధ్యలో చదువు మానేయడం 20 శాతం తగ్గిందని వాళ్ల ఫలితాలు. మామూలు గ్రాంటు పద్ధతిలో ఇలాంటి పనికి డబ్బు తేవడం మహా కష్టం, ఎందుకంటే ఫారంలో "ఎంతమంది ఇల్లు లేని యువతకి సేవ అందించారు" అన్న కాలమ్ ఉంటుంది, ఇక్కడేమో పని బాగా జరిగేకొద్దీ ఆ కాలమ్‌లో రాయడానికి ఎవరూ ఉండరు.

ఇళ్ల విషయానికి వస్తే, యువతకి ఇల్లు ఇవ్వడం వల్ల సంస్థకి నష్టం వచ్చేలా రూల్స్ ఉండడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో సామాజిక గృహాల్లో అద్దెని మామూలుగా ఆదాయంలో పాతిక శాతం లెక్కన కట్టించుకుంటారు, యువతకి వచ్చే అలవెన్సు పెద్దవాళ్లకి వచ్చేదాని కన్నా తక్కువ, కాబట్టి అదే ఫ్లాట్ 19 ఏళ్ల కుర్రాడికి ఇస్తే సంస్థకి వచ్చే అద్దె తక్కువ, చూసుకోవాల్సిన అవసరం మాత్రం ఎక్కువ. లిస్టులో ఇద్దరుంటే ఎవరికి ఇస్తారో చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో ఒంటరిగా ఉండే 25 ఏళ్లలోపు వాళ్లకి వర్తించే షేర్డ్ గది రేటుని 2012 నుంచి 35 ఏళ్లలోపు వాళ్లందరికీ పెట్టారు, అంటే ప్రైవేటు ఇంట్లో ఉంటే నలుగురితో కలిసి ఉండే ఇంట్లో ఒక గదికి సరిపడా సాయమే వస్తుంది, కొన్ని మినహాయింపులు తప్ప. 25 ఏళ్లలోపు వాళ్లకి యూనివర్సల్ క్రెడిట్, అంటే ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం, కూడా తక్కువే. 2017లో ఇంకో అడుగు వేసి 18 నుంచి 21 ఏళ్ల మధ్య వాళ్లలో చాలామందికి అద్దె సాయం హక్కే తీసేశారు, ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. వీటన్నిటి వెనకా ఉన్న ఊహ ఒకటే, కుర్రవాళ్లకి ఏముంది, అమ్మానాన్నల దగ్గర ఉంటారు కదా అని. ఆ అమ్మానాన్నలు లేకనే కదా వీళ్లు ఆఫీసు గుమ్మం ముందు నిలబడింది.

18 ఏళ్ల గీత ఇంకో దెబ్బ. ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలు పుట్టినరోజు నాడు పెద్దవాళ్లైపోతారు, ఫైలు మూసేస్తారు. అమెరికాలో ఇల్లినాయి, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఫాస్టర్ కేర్ నుంచి, అంటే సొంత ఇంటికి దూరంగా ప్రభుత్వం పెట్టే సంరక్షణ నుంచి, బయటికి వచ్చినవాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి చేసిన అధ్యయనంలో, 26 ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో 31 నుంచి 46 శాతం మంది ఒక్కసారైనా ఇల్లు లేకుండా ఉన్నారని అంచనా వేశారు. 2008లో చట్టం మార్చి రాష్ట్రాలు కావాలనుకుంటే 21 ఏళ్ల దాకా సంరక్షణ పొడిగించొచ్చు, ఫెడరల్ డబ్బు ఇస్తాం అన్నారు. భారతదేశంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ కూడా సంరక్షణ సంస్థల నుంచి 18 ఏళ్లకి బయటికి వచ్చేవాళ్లకి ఆర్థిక సాయం ఇవ్వొచ్చు అంటుంది, బయటికొచ్చాక ఇచ్చే ఈ ఆసరా (ఆఫ్టర్‌కేర్) మామూలుగా 21 దాకా, అవసరమైతే 23 దాకా, మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద నెలకి 4,000 రూపాయలు, ఎక్కువ రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. మంచిదే, కానీ ఇది సంస్థలో పెరిగినవాళ్లకి. పదిహేడున్నర ఏళ్లకి ఇంట్లోంచి వచ్చేసి ఏ హోమ్‌లోనూ చేరని కుర్రాడు ఈ తలుపులోంచి రాలేడు, వాడికి మిగిలేది పట్టణ నిరాశ్రయుల షెల్టర్, అక్కడ యాభై ఏళ్ల వాళ్ల మధ్య ఒక మంచం.

వేల్స్ ఈ వయసు దగ్గర ఒక ధైర్యమైన ప్రయత్నం చేసింది. 2022 జూలై నుంచి ఏడాది లోపు 18 నిండిన, ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన యువతకి నెలకి 1,600 పౌండ్లు, పన్ను పోను 1,280, రెండేళ్ల పాటు, ఏ షరతూ లేకుండా ఇచ్చారు. 600 మందికి పైగా తీసుకున్నారు. షరతు లేకుండా ఈ వయసులో అంత డబ్బా, తగలేయరా అన్న అనుమానం సహజం. కానీ సొంత ఇంట్లో పెరిగే పిల్లలకి తల్లిదండ్రులు 18 ఏళ్ల తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇస్తూనే ఉంటారు, ప్రతి నెలా రసీదులు అడగరు, ఒకటి రెండు తప్పులు చేస్తే గెంటేయరు. తల్లిదండ్రుల స్థానంలో ప్రభుత్వం ఉన్నప్పుడు అది మాత్రం 18 దాటగానే ఫారాలు అడగడం ఎందుకు?

ఫలితం చూపిస్తేనే డబ్బు అనే పద్ధతి కూడా వచ్చింది. బ్రిటన్‌లో 2015లో మొదలైన ఫెయిర్ ఛాన్స్ ఫండ్ 18 నుంచి 24 ఏళ్ల, చదువు గానీ పని గానీ లేని, ఇల్లు లేని యువత కోసం పెట్టింది, మూడేళ్లు, 1.5 కోట్ల పౌండ్లు, 7 ప్రాజెక్టులు, సుమారు 1,900 మంది. ముందు పెట్టుబడి సామాజిక ఇన్వెస్టర్లది, కుర్రాడు ఇంట్లోకి వెళ్తే ఇంత, 3 నెలలు నిలబడితే ఇంత, 6, 12, 18 నెలలు నిలబడితే ఇంత అని ప్రభుత్వం ఆ తర్వాత కట్టేది. దీంట్లో నిజంగా మెచ్చుకోవాల్సింది ఆ 18 నెలల లెక్క, మంచం నిండిందా లేదా అన్న దగ్గర నుంచి మనిషి నిలబడ్డాడా లేదా అన్న దగ్గరికి చూపు మారింది, వర్కర్‌కి ఒక కుర్రాడితో అంతకాలం ఉండే అవకాశం వచ్చింది. ఇబ్బంది ఏంటంటే ఇలాంటి పద్ధతి ఏదైనా సరే తొందరగా నిలబడగలిగేవాళ్లని ఏరుకునేలా చేస్తుంది. ఆత్మహత్య ఆలోచనలతో ఉన్న అమ్మాయికి ఆరు నెలల్లో వచ్చిన పెద్ద మార్పు ఏంటంటే రాత్రిళ్లు నిద్రపోతోంది, ఇలాంటిదానికి రేటు కార్డులో ధర ఉండదు.

పని తెలిసినవాళ్లతో మాట్లాడితే అడిగేవి పెద్ద పెద్దవి కావు. ఐదేళ్లకి తగ్గని గ్రాంటు, ముందుగా చేతికొచ్చే డబ్బు, వర్కర్ జీతాన్ని "ఓవర్‌హెడ్" అని కొట్టేయకుండా అసలు ఖర్చుగా లెక్కేయడం, వయసు గీత దగ్గర తెగిపోకుండా 24, 25 దాకా ఒకే తాడు. ఇంకోటి, ఎవరి పర్మిషనూ లేకుండా అప్పటికప్పుడు వాడుకునే చిన్న మొత్తం. ఇంటి అడ్వాన్సు, పరీక్ష ఫీజు, పిన్ని వాళ్ల ఊరికి బస్ టికెట్, పనిలో చేరడానికి బూట్లు, ఇలాంటి చిన్న ఖర్చు సమయానికి దొరక్క షెల్టర్లో ఆర్నెల్లు ఇరుక్కుపోయేవాళ్లు ఉంటారు, ఆ ఆర్నెల్ల మంచం ఖర్చుకి మాత్రం పర్మిషన్ ముందే ఉంటుంది.

కోవిడ్ టైంలో అమెరికాలో ఒకసారి డబ్బు నిజంగానే వచ్చింది. 2021 రెస్క్యూ ప్లాన్‌లో ఇల్లు లేని విద్యార్థుల కోసం 80 కోట్ల డాలర్లు కేటాయించారు, మామూలుగా మెకిన్నీ-వెంటో కింద ఏడాదికి వచ్చేది ఈ మధ్య సుమారు 12.9 కోట్లు, అదీ పోటీలో గెలిచిన స్కూల్ డిస్ట్రిక్టులకే (ఒక ప్రాంతంలో ప్రభుత్వ బడుల్ని నడిపే స్థానిక సంస్థలు). అంతవరకు ఈ ఖాతాలో ఒక్క డాలర్ చూడని డిస్ట్రిక్టులకి కూడా అప్పుడు డబ్బు అందింది, దాంతో ఈ పిల్లల్ని వెతికి పట్టుకోడానికే మనుషుల్ని పెట్టుకునే వీలు, స్కూలుకి రావడానికి బండి ఏర్పాటు చేసే వీలు, అవసరమైతే కొన్ని రాత్రులకి మోటెల్ గది ఇప్పించే వీలు కూడా దొరికింది. అయితే ఒక్కసారికే ఇచ్చిన డబ్బు కాబట్టి శాశ్వత ఉద్యోగాలు ఇవ్వడానికి డిస్ట్రిక్టులు భయపడ్డాయి, ఖర్చు చేయడం నెమ్మదిగా సాగింది, దాన్ని చూపించి డబ్బు ఇచ్చినా వాడుకోవట్లేదు అని అనడం కూడా తేలికైంది. ఆ డబ్బుని ఏ పనికి పెట్టాలో తేల్చుకోడానికి చివరి గడువు 2024 సెప్టెంబర్ 30. బడులు తెరిచి అప్పటికి నెల రోజులు దాటింది, ఈ ఏడాది ఏ పిల్లలకి ఇల్లు లేదో వెతకడం అప్పుడప్పుడే మొదలవుతుంది.